సువార్తమ్మ గొంతుపెట్టె

ఎండ పక్షం, మూడో రోజు

ఊళ్ళో తయారైన ప్రతి కరెంటు వస్తువుకీ ఒక పని పుస్తకం ఉండాలని రూలు. ఏ రోజు సంగతి ఆ రోజే రాయాలి. రాసింది కొట్టెయ్యకూడదు, కాగితం చింపకూడదు. పరిశీలకురాలు దిల్షాద్ గారు వచ్చి చూసి సంతకం పెడతారు. అందుకని రాస్తున్నాను. నా పేరు మాలకొండయ్య. నల్లరాయిపాలెంలో పంపులు చూసే మేస్త్రీని. పద్దెనిమిదేళ్ళలో నా చేతిలో బాగుపడని పంపు ఒక్కటీ లేదు. ఈ ముక్క మొదటి పేజీలోనే పడితే మంచిది.

వస్తువు: ఆంప్లిఫయర్. చిన్న గొంతును పెద్దది చేసే పెట్టె. మేం గొంతుపెట్టె అంటున్నాం. పాడైపోయిన రెండు పంపుల బోర్డులు, పాత బండి బ్యాటరీ, ఒక మోటారు అయస్కాంతం కలిపి చేశాను. స్పీకరులో ఊగే రేకు మా ఆవిడ వెంగమ్మ చపాతీలు కాల్చుకునే పలచటి రేకు. ఈ సంగతి ఆవిడకింకా తెలియదు.

ఎవరి కోసం: సువార్తమ్మ అత్త కోసం. చుట్టరికం ఏమీ లేదు, ఊరంతటికీ ఆవిడ అత్తే. నలభై ఏళ్ళుగా ఊరి చాటింపు ఆవిడ పని. మామూలు రోజుల్లో ఎవరి చెవిపూసలో వాళ్ళకి కబుర్లన్నీ వస్తాయి. సూర్యుడి నుంచి ఎండ తుఫాను వచ్చిందంటే రేడియోలన్నీ చచ్చిపోతాయి, చెవిపూస ఉత్త పూస అయిపోతుంది. అప్పుడు పొడుగు వీధికి ఈ కొసన నిలబడి తలుపులు మూయండని ఒక మనిషి కేకెయ్యాలి. ఆరు వందల అడుగుల అవతల ఉన్న చివరి తలుపు దాకా అది వినబడాలి. అత్త కేకేస్తే పోయిన ఏడాది దాకా ఆ తలుపే అదిరేది. మూడు నెలల కిందట గొంతులో గడ్డ తీశారు. ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళు కూడా "ఏందత్తా?" అని రెండోసారి అడుగుతున్నారు.

పన్నెండో రోజున చాటింపు పరీక్ష. పెద్ద కేంద్రం నుంచి ఉమాపతి గారనే అధికారి వస్తారు. అత్త గొంతు చివరి తలుపు దాకా చేరకపోతే పని చీటీ తీసేసుకుంటారు. అరవై దాటి, పని చీటీ లేనివాళ్ళని కొండ అవతల విశ్రాంతి ఇంటికి పంపించేస్తారు. బండిలో రెండు రోజుల దారి. అక్కడ తిండికీ మందులకీ ఏ లోటూ లేదట.

"తిండి సరేలేరా అబ్బయ్యా," అంది అత్త. "నాకు తెలిసిన మొహం ఒక్కటన్నా ఉంటదా ఆడ?"

ఉండదు. ఆ మాట పైకి అనలేక ఆవిడకి గొంతుపెట్టె చేసిపెడతానని మాటిచ్చేశాను. రేడియో తగలకుండా, ఊళ్ళో చేసిన పరికరం ఏదైనా వాడుకోవచ్చని రూలు ఒప్పుకుంటోంది. నాలుగు రోజుల్లో అయిపోతుందని కూడా అన్నాను. నేనన్నానంటే అయిపోయినట్టే.

ఎండ పక్షం, నాలుగో రోజు

పెట్టెను బయటిగదిలో పెట్టాం. ఊళ్ళో చేసిన కరెంటు వస్తువు ఏదైనా సరే, బయటిగదిలో నడిచి చూపించాకే వీధిలో దానికి కరెంటు ఇవ్వాలి. మా ఊరంటే రాతి లోపల తొలిచిన ఒకే ఒక్క సొరంగం. నిప్పు రాజుకుంటే పారిపోవడానికి చోటు లేదు. బయటిగదిలో నిప్పు అంటుకోదు. మా పంపులూ దీపాలూ పిండిమరా అన్నీ ఆ గది చూసి వచ్చినవే.

నేను సూటు తొడుక్కుని లోపల పెట్టె పక్కన నిలబడ్డాను. అత్త అద్దానికి అవతల వరండాలో స్టూలేసుకుని మైకు పట్టుకుంది. మైకు వైరు గోడలోంచి లోపలికి వస్తుంది. అత్త పక్కన దిల్షాద్ గారు, ఈ పుస్తకంతో.

స్విచ్చి వేశాను. ఎర్ర దీపం వెలిగింది.

"ఒకటి. రెండు. మూడు. ఏరా అబ్బయ్యా, వినపడతందా?"

ఎంత స్పష్టంగా వినబడిందో! సంతోషం పట్టలేక ఎగిరి గంతేశాను. చంద్రుడి మీద గంతేస్తే పైకప్పు తగులుతుందని పసిపిల్లలకి కూడా తెలుసు. నాకు తగిలాక గుర్తొచ్చింది.

"అన్నా, మీ హెల్మెట్టులో రేడియో ఆపలేదు," అన్నారు దిల్షాద్ గారు. "అత్త గొంతు ఆ దారిన వస్తోంది."

ఆపేశాను. అద్దం అవతల అత్త నోరు కదులుతోంది. ఆవిడ మాటకి తగ్గట్టు మీటరు ముల్లు ఊగుతోంది. అంటే కరెంటు స్పీకరు దాకా బ్రహ్మాండంగా చేరుతోంది. పెట్టె మాత్రం కిక్కురుమనలేదు.

పరిశీలకురాలి గమనిక: మంట లేదు. పొగ లేదు. శబ్దం కూడా లేదు. మేస్త్రీ నెత్తిన బొప్పి ఉంది. దిల్షాద్.

(బొప్పి సంగతి రూల్లో ఎక్కడా లేదు. అయినా రాశారు.)

ఎండ పక్షం, ఐదో రోజు

కరెంటు తీసేసిన పెట్టెను పంపుల గదికి తెచ్చుకోవచ్చు. తెచ్చుకుని మొత్తం విప్పాను. బ్యాటరీ నిండుగా ఉంది. ఫ్యూజు బాగుంది. మైకు వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమాను, తెగలేదు. టంకం సరిగ్గా పట్టలేదేమోనని నలభై రెండు అతుకులూ ఊడదీసి మళ్ళీ వేశాను. వాల్యూమ్ మీట తిరగేసి బిగించానేమోనని అది కూడా చూశాను. అలాంటి తప్పు కొత్తవాళ్ళు చేస్తారు, నేను చెయ్యను, అయినా చూశాను.

మళ్ళీ బయటిగది. ముల్లు ఊగుతోంది. పెట్టె మూగనోము పట్టింది.

ఇంటికొస్తే వెంగమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏందయ్యో, నా రేకు యాడ?"

"ఏ రేకు?"

"చపాతీల రేకు."

"ఎక్కడో పోయుంటుంది."

"ఈ ఊళ్ళో వస్తువు యాడికి పోద్ది? సూటు తొడుక్కుని తలుపు తీసుకుని బయటికి నడిచిపోయిందా?"

మూడు వందల నలభై మంది ఉన్న ఊళ్ళో అబద్ధం ఆడటం చాలా కష్టం. నిజం చెప్పేశాను. రాత్రి దాకా నాతో మాట్లాడదేమో అనుకున్నాను, కానీ ఎండ పక్షంలో రాత్రి రాదు కాబట్టి గడువు ఏమిటో తెలియడం లేదు. చపాతీలు మటుకు లేవు.

ఎండ పక్షం, ఆరో రోజు

తప్పు స్పీకరుదేనని తేల్చాను. ఇంకో అయస్కాంతం, ఇంకో తీగచుట్ట, ఇంకో రేకు (ఈసారి పంపుల గది సొంత రేకు). కొత్త స్పీకరు బిగించాను. మూగదే. వాల్యూమ్ సగం నుంచి ముప్పావుకి పెంచాను. ముల్లు ఇంకా పెద్దగా ఊగింది. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి తప్ప వాటిలో ఏమీ పడలేదు.

ఇక్కడ ఒక సంగతి రాయక తప్పదు. దిల్షాద్ గారు కావాలని ఏదైనా వైరు లాగేశారేమోనని అనుమానించాను. ఆవిడ మొహం మీదే అడిగాను.

"అన్నా, అత్త చాటింపు వింటూనే నేను ఈ ఊళ్ళో పెరిగాను," అన్నారావిడ. "ఆవిడని పంపించెయ్యాలని నేనెందుకు అనుకుంటాను? ఆ మాట కూడా పుస్తకంలో రాసుకోండి."

రాశాను. నాది తప్పే. కోపం వస్తే నాకు ముందు పక్కవాళ్ళే కనిపిస్తారు.

అత్త ఈ రోజు మైకు ముందు కూర్చుని మూడు వందల దాకా లెక్కపెట్టింది. దిగులుగా ఉంది. కొంచెం హుషారు చేద్దామని పరీక్షలో ఏం చాటుతావని అడిగాను. ఆ పరీక్షకి ఒక పద్ధతుంది. చాటే కబురు ఊళ్ళో ఎవరికీ ముందు తెలిసి ఉండకూడదు. తెలిస్తే చివరి తలుపు దగ్గర వినకపోయినా విన్నామని చెప్పెయ్యొచ్చు కదా. అందుకని కొత్త కబురు కావాలి, ఒక్కటే వాక్యంలో చెప్పాలి, అధికారి దాన్ని విన్నది విన్నట్టు కాగితం మీద రాయాలి.

అత్త అటూ ఇటూ చూసి నా చెవిలో చెప్పింది. "భూమ్మీదనించొచ్చే ఓడలో గేదెదూడ వస్తందిరా. సరుకుల జాబితాలో చూశా. ఎవురికీ చెప్పమాక."

గేదెదూడ! మా ఊళ్ళో పెరుగంటే పొడి కలిపి తోడేసేదే. నిజమైన గేదెని చూసినవాళ్ళు ఊళ్ళో నలుగురు కూడా లేరు. ఇంతకన్నా మంచి కబురు ఎవరికి దొరుకుతుంది? చచ్చినా చెప్పనని ఒట్టేశాను.

ఎండ పక్షం, ఏడో రోజు

వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. పొద్దుటి నుంచి అలాగే ఉంచాను. శబ్దం లేదు.

రాయడానికి ఇంకేమీ లేదు. వెంగమ్మ మాట్లాడింది. "అంతా సరిగ్గానే ఉంటే పలకదెందుకయ్యా?" అంది. ఆ ప్రశ్న నాకు తెలియదనుకుందా?

ఎండ పక్షం, ఎనిమిదో రోజు

ఇవాళ్టి సంగతి ఎలా రాయాలో తెలియక పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

బయటిగదిలో పెట్టె పక్కన నిలబడి ఉన్నాను. అద్దం అవతల అత్త మామూలుగా లెక్కపెడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయి స్పీకరు రేకు మీద అరచేత్తో ఒక్కటి చరిచాను. చెయ్యి తియ్యలేదు. రేకు వణుకుతోంది. గ్లవుజు లోపలికి తెలుస్తోంది. అత్త నోరు తెరిచినప్పుడు వణుకుతుంది, మూసినప్పుడు ఆగుతుంది.

వంగి హెల్మెట్టును రేకుకి ఆనించాను.

"నూట పదారు. నూట పదిహేడు. ఈ సచ్చినోడు నన్ను లక్ష దాకా లెక్కపెట్టిచ్చేట్టున్నాడు. నూట పద్దెనిమిది..."

తల ఎత్తాను. నిశ్శబ్దం. మళ్ళీ ఆనించాను. "నూట ఇరవై. కాళ్ళు తిమ్మిరెక్కినయ్యమ్మా దిల్షాదూ."

అప్పుడు తట్టింది. తట్టాక అక్కడే, సూటుతో సహా, నేల మీద కూలబడ్డాను.

బయటిగదిలో గాలి లేదు. నిప్పు అక్కడ అంటుకోకపోవడానికి కారణం అదే. చప్పుడు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలంటే గాలి కావాలి. ఇది బళ్ళో చేరిన ఏడాదే చెప్తారు. పెట్టె మొదటి రోజు నుంచీ పలుకుతూనే ఉంది. ఐదు రోజులు గాలి లేని గదిలో నిలబడి చప్పుడు ఏదీ అని వెతికినవాణ్ణి నేను.

నా తరఫున ఒక్క మాట. ఆ గదిలో నేను పద్దెనిమిదేళ్ళుగా మనుషులతో మాట్లాడుతూనే ఉన్నాను. హెల్మెట్టులో రేడియో ఉంటుంది కాబట్టి అక్కడ మాటలకి కరువు లేదు. పంపుని పరీక్షించేటప్పుడు ముల్లు చూస్తాం, చెవితో పని పడదు. ఊళ్ళో ఇంతవరకూ పలికే వస్తువు ఎవరూ చెయ్యలేదు. ఇంతే. ఇది సాకు అని నాకూ తెలుసు.

సువార్తమ్మ అత్తకి చెప్పాను. ఆవిడ స్టూలు మీంచి పడబోయింది. గొంతు లేదు కాబట్టి నవ్వు బయటికి రాలేదు, కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి, భుజాలు ఊగాయి. దిల్షాద్ గారు నవ్వలేదు. ఎర్రబడ్డ మొహంతో పుస్తకం పేజీలు వెనక్కి తిప్పుకున్నారు.

"ఐదు రోజులు పక్కనే కూర్చుని సంతకాలు పెట్టాను," అన్నారు. "నాకూ తట్టలేదన్నా."

"ఈ ఒక్క పేజీ చింపుదామా?"

"చింపకూడదు."

"పోనీ, ఎవరికీ చెప్పొద్దు. ఊళ్ళో తలెత్తుకోలేను."

"బీరువాలో పెట్టి తాళం వేస్తాను. మనం ముగ్గురం నోరు విప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

పరిశీలకురాలి గమనిక: వస్తువు బయటిగదిలో లోపం లేకుండా నడిచినట్టు ధ్రువీకరించడమైనది. దిల్షాద్.

ఎండ పక్షం, తొమ్మిదో రోజు

పెట్టెను పంపుల గదిలోకి తెచ్చి, గాలిలో, మొదటిసారి స్విచ్చి వేశాను.

"ఒకటి," అంది అత్త మైకులో.

గోడలు అదిరాయి. అరలో గ్లాసు దొర్లి కింద పడింది. దిల్షాద్ గారు రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. నలభై ఏళ్ళు ఈ వీధిని అదరగొట్టిన గొంతు అది, మునుపటికన్నా లావుగా వచ్చింది. అత్త తన మైకుని తనే భయంభయంగా చూసుకుంది.

"రెండు," అంది.

మాడిన వాసన వచ్చింది. పెట్టె సందులోంచి సన్నటి పొగ. "మూడు" అనేసరికి గొంతు కీచుమని సన్నబడిపోయింది.

విప్పి చూశాను. గొంతును పెద్దది చేసే జంట ట్రాన్సిస్టర్లలో ఒకటి నల్లబడింది. తప్పు ఎవరిదో మళ్ళీ వెతకనక్కర్లేదు. గాలి లేని చోట వేడి పోవడానికి కూడా దారి సరిగ్గా ఉండదు. ఆ గదిలో వాల్యూమ్ చివరిదాకా తిప్పి దాన్ని రెండు రోజులు ఉడకబెట్టాను. అప్పటికే సగం చచ్చి ఉంది, ఇక్కడికొచ్చి రెండంకెలు లెక్కపెట్టి పూర్తిగా చచ్చింది. దాని జోడీ ఊళ్ళో ఇంకెక్కడా లేదు. ఓడ వచ్చేది పరీక్ష అయిన తరవాత.

మిగిలిన ఒక్కదానితో గొంతు పది అడుగులు వెళ్తోంది. కావలసింది ఆరు వందలు.

"పోన్లేరా," అంది అత్త. "ఒకటీ అని గట్టిగా వినపడింది గదా. నా గొంతు నేనిని మూణ్ణెల్లయింది."

ఓదార్పు ఎవరికి ఎవరు చెప్పాలో తారుమారైంది. నాకు ఏడుపొచ్చింది. పంపు దగ్గర పని ఉన్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

ఎండ పక్షం, పదో రోజు

చివరి తలుపు పక్కన ఆదెమ్మ అనే ఒకావిడ ఉంటుంది. ఫిర్యాదు చెయ్యందే ఆవిడకి ముద్ద దిగదు. పొద్దున్నే చెవిపూసలో పిలిచింది.

"మాలకొండయ్యా, నీ రెండో పంపు మూలగతంది. చూసుకోవా?"

"నువ్వుండేది ఆరు వందల అడుగుల అవతల. నీకెట్లా తెలిసింది?"

"కుళాయిలోంచి వినపడతంది. నాకు చెవుల్లేవనుకున్నావా?"

తిట్టబోయి ఆగాను. ఆనించిన హెల్మెట్టులోకి అత్త గొంతు ఎలా వచ్చిందో గుర్తొచ్చింది. గాలి లేకపోయినా రేకులోంచి వచ్చింది. నా పంపుల గదిలో మొదలై, ప్రతి ఇంటి గోడనీ తగులుతూ, ఇంటికో కుళాయితో చివరి తలుపు దాకా పోయే ఇనప పైపు ఒకటి పద్దెనిమిదేళ్ళుగా నా మొహం ముందే ఉంది.

స్పీకరు రేకు ఊడదీసేశాను. (పాత స్పీకరులోని చపాతీల రేకు కూడా ఊడదీసి, కడిగి వెంగమ్మకి ఇచ్చేశాను. రెండోసారి కడిగింది.) ఊగే తీగచుట్టను తిన్నగా పైపుకే తగిలేలా బిగించాను. పంపు ఒక్క నిమిషం ఆపాం. మాటలు చెప్తే ఊరంతా వింటుంది కాబట్టి అత్తని ఊరికే "ఊఁ" అనమన్నాను. దిల్షాద్ గారు చివరి తలుపు దగ్గర కుళాయి పక్కన నిలబడ్డారు.

"అన్నా," అన్నారు చెవిపూసలో. "కుళాయి మూలుగుతోంది. అచ్చం అత్తే."

వెంటనే ఆదెమ్మ కూడా పిలిచింది. "ఇంకా మూలగతానే ఉందయ్యా నీ పంపు!" ఆవిడకి నేను ఇంత మర్యాదగా జవాబు చెప్పడం ఇదే మొదటిసారి.

పైపు వాడొచ్చా అని దిల్షాద్ గారు రూలు మూడుసార్లు చదివారు. చాటింపు మనిషి గొంతు రేడియో లేకుండా చివరి తలుపు దగ్గరున్న మనిషి చెవికి చేరాలని ఉంది. గాలిలోంచే చేరాలని లేదు.

ఎండ పక్షం, పదకొండో రోజు

కొంప మునిగింది. ముంచింది నేనే.

నిన్న పైపు పలికిందన్న సంతోషంలో ఇంటికెళ్ళి వెంగమ్మకి గేదెదూడ సంగతి చెప్పేశాను. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను. వెంగమ్మ కూరగాయల తోటలో ఒక్క మనిషికే, ఎవరికీ చెప్పొద్దని చెప్పిందట. ఈ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర దూడకి ఏం పేరు పెట్టాలని రెండు వర్గాలు కొట్టుకునే దాకా వచ్చాయి. పేడ ఎవరు ఎత్తాలన్న దాని మీద మూడో వర్గం బయల్దేరింది.

అత్త నన్ను తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని చేతులు చూసుకుంటోంది.

"రేపటికి కొత్త కబురు యాణ్ణించి తెచ్చేది?" అంది చివరికి. "ఈ ఊళ్ళో ఎవురింట్లో ఏం కూరో కూడా అందరికీ తెలుసు. తెలిసిన కబురు చెప్తే ఆ పెద్దాయన కొట్టేస్తాడు."

ముగ్గురం కూర్చుని ఆలోచించాం. ఎవరి పెళ్ళి? తెలుసు. ఎవరి తగువు? తెలుసు. కొత్త దీపాలు, ఉల్లిపాయల కొరత, బండి చక్రం పోవడం, అన్నీ తెలుసు. దిల్షాద్ గారు బీరువా తీసి, ఏదైనా దొరుకుతుందేమోనని కాగితాలన్నీ తిరగేస్తున్నారు. వాటి మధ్య ఈ పుస్తకం ఉంది.

నేను దాన్ని చూశాను. ఆవిడ నేను చూడటం చూశారు. అత్త కూడా చూసింది గాని వెంటనే తల తిప్పేసుకుంది.

"వద్దురా," అంది. "నువ్వు పెద్ద మేస్త్రీవి. నీకు పరువుంది."

పరువుంది, నిజమే. ఈ పుస్తకం మొదటి పేజీ తీసి చూస్తే ఎంతుందో తెలుస్తుంది. ఇది బయటపడితే ముసలివాణ్ణయ్యేదాకా నన్ను వదలరు. పంపు బాగుచెయ్యడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లో "గాలుందో లేదో చూసుకున్నావా మేస్త్రీ?" అంటారు. వెంగమ్మ అంటుంది. ఆదెమ్మ అయితే పాటే కడుతుంది.

చెయ్యి చాపి పుస్తకాన్ని కాగితాల కిందికి తోశాను. తోసినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. తరవాత నేనే దాన్ని పైకి లాగి అన్నాను.

"ఊళ్ళో ఎవరికీ తెలియని కబురు ఇదొక్కటే అత్తా. చెప్పెయ్."

"నా సంతకాలు కూడా ఉన్నాయి," అన్నారు దిల్షాద్ గారు. "నా పేరు కూడా కలపండి."

"ఇద్దరి పేర్లకి నాకాడ ఊపిరి లేదమ్మా," అంది అత్త. "ఒక పేరు చాలు."

ఎండ పక్షం, పన్నెండో రోజు

ఉమాపతి గారు బండి దిగి నేరుగా చివరి తలుపు దగ్గరికి వెళ్ళారు. దిల్షాద్ గారు వెంట ఉన్నారు. అక్కడి మాటలు ఆవిడ చెప్పగా రాస్తున్నాను.

"చాటింపు అటు నుంచి కదా రావాలి, కుళాయి పక్కన నిలబడమంటారేమిటి?" అని అడిగారట ఆయన.

"ఇటు నుంచే వస్తుందండి."

"నన్ను ఆట పట్టిస్తున్నారా?"

"రూలు చూపించమంటారా?"

నిలబడ్డారట.

ఇక్కడ నేను పంపులన్నీ ఆపేశాను. వీధి మొత్తం ఒక్కసారిగా తిట్లు లేచాయి. తలకి సబ్బు రాసుకున్నవాళ్ళు, బియ్యం కడిగేవాళ్ళు. పంపు ఆగితే నిశ్శబ్దం ఎంత ఉంటుందో నాకే కొత్తగా అనిపించింది. పెట్టె స్విచ్చి వేశాను. తీగచుట్ట బిగింపు సడలింది. మళ్ళీ బిగించే వ్యవధి లేదు. దాన్ని రెండు చేతులతో పైపుకి అదిమిపెట్టి, పైపుని కావిలించుకున్నట్టు కూర్చున్నాను.

"ఎత్తుకో అత్తా."

సువార్తమ్మ అత్త మైకు దగ్గరికి తెచ్చుకుంది. నా వైపు ఒకసారి చూసింది. ఊపిరి పీల్చుకుంది.

"వినండహో! గొంతుపెట్టె పలకట్లేదని, మేస్త్రీ మాలకొండయ్య ఐదు రోజులు గాలి లేని గదిలో చప్పుడు కోసం ఎతికాడు!"

పైపు నా అరచేతుల్లో గుర్రుమంది. మాట మాటా వెళ్ళిపోతుంటే తెలుస్తూనే ఉంది. తరవాత ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టాను. అయిపోయింది, చేరలేదు అనుకున్నాను.

ముందు దగ్గరి ఇళ్ళలో మొదలైంది. తరవాత వీధి మధ్యలో. నవ్వు. ఒక ఇంట్లో ఎవరో పొలమారి దగ్గుతున్నారు. వెంగమ్మ నవ్వు వందమందిలో ఉన్నా గుర్తుపట్టగలను, అది అన్నిటికన్నా పైన వినబడింది. నా చెవులు కాలిపోయాయి. చేతులు మాత్రం పైపు మీంచి తియ్యలేదు, ఉమాపతి గారు మళ్ళీ చెప్పమంటే చెప్పాలి కదా.

మళ్ళీ చెప్పమనలేదు. దిల్షాద్ గారు కాగితం పట్టుకుని ఆరు వందల అడుగులూ పెద్ద పెద్ద గంతులేస్తూ వచ్చారు, పైకప్పు రెండుసార్లు తగిలిందట. కాగితం మీద ఉమాపతి గారి చేతిరాత. అత్త చెప్పిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది. దాని కింద ఇలా ఉంది: "కుళాయిలోంచి స్పష్టంగా విన్నాను. ఇంతకు ముందు తెలియని కబురేనని ఊరి నవ్వును బట్టి నిర్ధారించుకున్నాను. పని చీటీ కొనసాగించవచ్చు."

అత్త రెండుసార్లు చదివింది. కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. వచ్చి నా పక్కన, పైపు దగ్గర, నేల మీద కూర్చుంది. నా కళ్ళు అప్పటికే ఆగటం లేదు. ఐదు రోజుల సిగ్గూ తొమ్మిదో రోజు దుఃఖమూ ఇప్పటి సంతోషమూ అన్నీ కలిసి వచ్చేశాయి. రెండు చేతులూ పైపు మీద ఉన్నాయి, తుడుచుకోవడానికి వీల్లేదు.

"ఒరే పిచ్చి నాయనా," అంది అత్త. "ఏడవమాకరా. నేను యాడికీ పోవట్లేదు. నీ కాడే ఉంటా."

చెంగుతో నా మొహం తుడిచింది. రెండో చేతిలో మైకు అలాగే ఉంది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

వీధిలో నవ్వు ఆగిపోయింది. ఎక్కడా చప్పుడు లేదు. మైకు ఆపనే లేదని తట్టి, మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అప్పుడు పైపు మీద ఎవరో ఠంగుమని కొట్టారు. చాలా దూరం నుంచి, చివరి తలుపు దగ్గరి నుంచి. ఆదెమ్మ అయి ఉండాలి. ఆ పక్క ఇంట్లో ఇంకొకరు గరిటెతో కొట్టారు. తరవాత ఇంకొకరు. ఇల్లిల్లూ దాటుకుంటూ, గరిటెలూ గ్లాసులూ పళ్ళేలూ, మూడు వందల నలభై మంది ఆ పైపు మీద కొడుతున్నారు. పైపు ఊగిపోతోంది. సువార్తమ్మ అత్త మైకు పక్కన పెట్టి, తన రెండు చేతులు కూడా నా చేతుల పక్కన పైపు మీద పెట్టింది.